గొట్టంలో దాగిన గంట

లైబ్రేరియన్ సంచీ సర్దుతోంది. సర్దుతోంది అనడం కన్నా, పెట్టింది తీసి, తీసింది మళ్ళీ పెడుతోంది అనడం నిజం. రెండు చీరలు, శాలువా, కళ్ళజోడు డబ్బా పెట్టాక అడుగున మగవాళ్ళ చొక్కా ఒకటి దోపింది. కాసేపటికి దాన్నే పైకి లాగి, కాలరు దగ్గర ముఖం ఆనించి, మళ్ళీ అడుగుకే తోసేసింది.

డిటెక్టివమ్మ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. పోలీసు ఉద్యోగం నుంచి దిగిపోయి నాలుగేళ్ళయినా, ఎవరింట్లో ఏం జరిగినా ఆవిడ తలుపే తట్టడం అలవాటై, వీధివాళ్ళు తగిలించిన పేరది. శవాల పక్కన నిలబడి టీ తాగిన మనిషికి, సర్దుతున్న సంచీని మాత్రం చూడబుద్ధి కాదు. వెళ్ళొస్తానని చెప్పి గడప దాటినవాళ్ళ కోసం ఎన్ని ఇళ్ళలో ఎన్ని కళ్ళు కాయలు కాశాయో ఆవిడకే తెలుసు.

"ఎన్నాళ్ళమ్మా ప్రయాణం?"

"ఓ పదిరోజులండి, మా అక్క దగ్గరికి. ఈ ఇంట్లో ఒక్కదాన్నే పడుకోలేకపోతున్నాను. ఒంటిగంటకి మా బావగారు కారు తెస్తానన్నారు."

"మీకు తెలుసుగా, నేను ఆ నర్సు తరపున వచ్చాను."

"తెలుసండి. వాళ్ళ నాన్న, ఆ టైలరుగారు, ఇక్కడికీ వచ్చి ఏడ్చి వెళ్ళాడు." లైబ్రేరియన్ సంచీ జిప్పు సగం దాకా లాగి ఆపేసింది. "ఆ పిల్ల మా ఆయనకి రోజూ గడ్డం గీసేదండి. చెంప కింద పుట్టుమచ్చ ఉంది, అక్కడ తెగకుండా వేలు అడ్డం పెట్టుకుని గీసేది. చంపాలనుకున్న మనిషి అంత జాగ్రత్త పడుతుందా?"

"చంపాలనుకుందని ఎవరూ అనడం లేదు. పొరపాటున చంపిందంటున్నారు. మూడింటికి స్టేషన్‌కి రమ్మన్నారు. వెళితే మళ్ళీ బయటికి రానివ్వరు."

లైబ్రేరియన్ జిప్పు మళ్ళీ వెనక్కి లాగింది. ఆమె భర్త ఎలక్ట్రీషియన్. తన ఇంటి మేడమెట్ల మీంచే పడి, పక్కటెముకలు విరిగి, ఊపిరి అందక, పది రోజులు ఐసీయూలో నోట్లో గొట్టంతో పడుకున్నాడు. ప్రమాదం గట్టెక్కిందని, మర్నాడు పొద్దున్నే ఊపిరి గొట్టం తీసేస్తామని డాక్టరు చెప్పిన సోమవారం సాయంత్రమే గుండె ఆగిపోయింది.

"సోమవారం మీరు ఆయన్ని చూసింది ఎప్పుడు?"

"నాలుగింటికి. ఇద్దర్నే పంపిస్తారు. నేనూ మా బావగారూ వెళ్ళాం. ఆయన పాదాలు పట్టుకుని చూశాను, చల్లగా ఉన్నాయి. 'వెళ్ళొస్తాను, రేపు మీ నోట్లో గొట్టం తీసేస్తారట, రేపు మాట్లాడుకుందాం' అన్నాను." ఆమె తలెత్తి గోడ మీదకి చూసింది. "అప్పుడేనండి, పైన తెర మీద అంకె లేచింది. నూటపది ఉన్నది చూస్తూ చూస్తూ నూట ఎనభై అయింది. నాకేం తెలుస్తుంది, బావగారే చూపించారు. 'చూడమ్మా, నీ గొంతు విన్నాడు, నీకోసం రక్తం ఎలా పరిగెత్తుతోందో చూడు' అన్నారు. ఇంక నాకు మిగిలింది ఆ అంకె ఒక్కటే."

డిటెక్టివమ్మ లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. కానీ ఆ అంకె తర్వాత ఏ ప్రశ్న వేసినా అది మోటుగా ఉంటుందనిపించింది. ఆవిడ ఉద్యోగంలో ఇలా మర్యాదకి పోయి వదిలేసిన ప్రశ్నలు తక్కువ. ఉన్న కొన్నీ ఆవిడని నిద్రపోనివ్వవు.

"వచ్చాక కబురు పెట్టమ్మా. మీ లైబ్రరీలో నాకో పుస్తకం తీసి ఉంచాలి, హత్యలు లేనిది."

"హత్యలు లేని పుస్తకం మీరు రెండో పేజీలో మూసేస్తారండి," అంది లైబ్రేరియన్. మూడు రోజుల్లో మొదటిసారి కాబోలు, పెదవి కొద్దిగా విచ్చుకుంది.

*

ఐసీయూలో పగలనీ రాత్రనీ ఉండదు. కిటికీలు లేవు. ఆరు మంచాలు, ఆరు తెరలు, మనుషులకి బదులు ఊపిరి తీసుకునే యంత్రాల నిట్టూర్పులు. మూడో మంచం చుట్టూ పోలీసులు తాడు కట్టారు. దుప్పటి తీసేశారు కానీ దిండు మీద తల ఆనిన గుంట అలాగే ఉంది. ఆ మంచం పక్కనున్న స్టాండుకి, సిరంజిలోని మందుని చుక్కచుక్కగా తోసే పంపు బిగించి ఉంది. దాని ముఖం నల్లగా, ఆరిపోయి ఉంది.

పక్క మంచం మీద ఒక ముసలి పోస్ట్‌మాన్. నోట్లో గొట్టం, చేతులకి మెత్తటి కట్లు. కళ్ళు మాత్రం తెరుచుకుని, ఎవరు కదిలితే వాళ్ళ వెంట కదులుతున్నాయి.

తాడు పక్కన నర్సు నిలబడి ఉంది. ఉద్యోగంలోంచి పక్కన పెట్టినా, డిటెక్టివమ్మ అడిగిందని డాక్టరు లోపలికి రానిచ్చాడు. రెండు రోజులుగా తిండి లేదని ముఖమే చెబుతోంది.

"నీ లెక్క చెప్పు," అంది డిటెక్టివమ్మ.

"రోజూ చేసేదే పెద్దమ్మా. ఆయన బరువు అరవై కిలోలు. రక్తపోటు నిలబెట్టే మందు కిలోకి ఇంత, నిమిషానికి ఇంత అని డాక్టరుగారు చెప్తారు. దాన్ని బరువుతో హెచ్చిస్తాం, నిమిషాన్ని గంట చేస్తాం, సిరంజిలో మందు ఎంత చిక్కగా కలిపామో దాంతో భాగిస్తాం. గంటకి రెండు మిల్లీలీటర్లు వచ్చింది. నేనొకసారి చేశాను. పక్క సిస్టర్ నా అంకె చూడకుండా విడిగా చేసింది. ఇద్దరికీ రెండే."

"మరి ఆయన రక్తంలో దొరికింది?"

"వేరే మందు. గుండె ఆపేది. అది నా ట్రేలో లేదు పెద్దమ్మా, తాళం అరలో ఉంటుంది. సిరంజి ల్యాబుకి పంపారు, అందులో రక్తపోటు మందు తప్ప ఇంకేం లేదన్నారు. అయినా ఇన్‌స్పెక్టరుగారు, 'సిరంజి మార్చేటప్పుడు పొరపాటున ఇంకో సీసా మందు చేత్తో ఎక్కించేశావు' అంటున్నారు."

"మార్చింది ఎప్పుడు?"

"ఆరింటికి. పది నిమిషాలకి గుండె ఆగింది. ఎవరు చూసినా నన్నే అంటారు కదా." ఆమె తన అరచేతులు చూసుకుంది. "ఛాతీ నొక్కింది కూడా నేనే. విరిగిన ఎముకలు చేతికి తెలిశాయి."

డిటెక్టివమ్మ పంపు దగ్గరికి వెళ్ళింది. సిరంజి మొన దగ్గర మూడు దారులు కలిసే బిళ్ళ ఒకటి, దానికి పక్కగా, చేత్తో మందు ఎక్కించడానికి, మూత బిగించిన చిన్న నోరు. అక్కడినుంచి దారం కన్నా కొంచెం లావు గొట్టం బయలుదేరి దిండు కిందకి పోయింది. ఆవిడకి వైద్యం రాదు, వంట వచ్చు. గొట్టంతో మొక్కలకి నీళ్ళు పట్టడం వచ్చు. ఆ తెలివితోనే అడిగింది.

"పంపులో మందు ఇప్పుడు కదిలితే ఒంట్లోకి ఎప్పుడు పోతుంది?"

"వెంటనే పెద్దమ్మా."

"కుళాయి తిప్పగానే ఆ చివర నీళ్ళు రావుగా? గొట్టం నిండాలిగా?"

"గొట్టం ఎప్పుడూ నిండే ఉంటుంది. ఇక్కడ చుక్క కదిలితే అక్కడ చుక్క పడుతుంది." నర్సు ఆగిపోయింది. ఏదో చూసినట్టు గొట్టం వైపు తిరిగింది. "కానీ అక్కడ పడే చుక్క ఇక్కడి చుక్క కాదు. ఇక్కడి చుక్క అక్కడికి వెళ్ళాలంటే… గొట్టంలో రెండు మిల్లీలీటర్లు పడుతుంది. గంటకి రెండు చొప్పున…"

"గంట."

"గంట కాదు." నర్సు వంగి దిండు ఎత్తింది. కింద గొట్టం చుట్టలు చుట్టి టేపుతో అంటించి ఉంది. ఆ చుట్ట మధ్యలో ఇంకో బిళ్ళ. "రెండు గొట్టాలున్నాయి. ఆదివారం ఎమ్మారై స్కానింగుకి తీసుకెళ్ళాం. పంపు గది బయటే ఉండాలి కాబట్టి రెండోది కలిపాం. తిరిగొచ్చాక తీయాలంటే మందు ఆపాలి, ఆపితే రక్తపోటు పడిపోతుంది. అందుకని ఈ వార్డులో ఎవరం తీయం, చుట్టి దిండు కింద పెట్టేస్తాం."

"అది చూసేవాళ్ళకి కనిపిస్తుందా?"

"దిండు ఎత్తితేనే."

అంతదాకా గోడకి ఆనుకుని వింటున్న డాక్టరు ముందుకి వచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడిన మనిషి, మాటలో వెటకారం ఎక్కువ. "పదిహేనేళ్ళుగా ఈ గొట్టాల మధ్య బతుకుతున్నాను, నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడగకూడని ప్రశ్న కూడానేమో. చేసి చూద్దాం."

కొత్త పంపు తెచ్చారు. అదే రకం గొట్టాలు రెండు కలిపి, నీళ్ళు నింపి, చివరని ఒక ఖాళీ సీసాలో పెట్టి, సీసాని మంచం మీద ఆ గుంటపడిన దిండుకి ఆనించారు. సిరంజి దగ్గరి చిన్న నోటిలోంచి నర్సు గాయాలకి రాసే నీలిమందు కొద్దిగా ఎక్కించింది. పంపు మీద రెండు నొక్కింది. గోడ గడియారంలో పన్నెండున్నర.

నీలం కదిలింది. కదిలిందని కంటికి తెలియదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే మాత్రం వెంట్రుకవాసి ముందుకి జరిగి ఉంటుంది. మనిషి లేని మంచం మీద, మనిషి తల ఉన్న చోటికి, ఎవరూ తోయకుండానే అది పోతోంది. పక్క మంచం మీది పోస్ట్‌మాన్ తల తిప్పలేడు. కళ్ళు మాత్రం ఆ గొట్టం మీద పెట్టాడు. అతని యంత్రం ఊపిరి తీసుకుని వదిలింది. డిటెక్టివమ్మకి తెలియకుండానే తన ఊపిరి కూడా దానితో కలిసి నడవడం మొదలైంది. గుర్తొచ్చి, బలవంతంగా ఒకసారి దగ్గింది.

*

"మేడమ్, రిటైరయ్యాక మనవల్ని ఆడించుకోవాలి గానీ రంగునీళ్ళతో ఆటలేంటి?"

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒకప్పుడు ఆవిడ చేతికింద పని నేర్చుకున్నవాడే. కేసు తెరవకముందే మూసే తేదీ చూసుకుంటాడని స్టేషన్‌లో చాటుగా 'ముగింపు' అంటారు.

"మనవలు లేరు బాబూ. నువ్వున్నావుగా."

"మంచం ఖాళీ చెయ్యమని ఆసుపత్రివాళ్ళు మొత్తుకుంటున్నారు. తాడు విప్పడానికొచ్చాను. ఈ అమ్మాయి ఇక్కడేం చేస్తోంది?"

"నీ కేసులో చిల్లి వెతుకుతోంది. దొరికింది కూడా." ఆవిడ గొట్టం చూపించి, గంటకి రెండు చొప్పున నాలుగు మిల్లీలీటర్ల దారి ఎంతసేపు నడవాలో చెప్పింది. "ఆరూ పదికి గుండెని ఆపిన చుక్క ఆరింటికి సిరంజిలోంచి బయలుదేరింది కాదు. నాలుగూ పది ప్రాంతంలో ఎవరో ఈ చిన్న నోటిలోంచి ఎక్కించారు."

ఇన్‌స్పెక్టరు వంగి నీలం గీతని చూశాడు. మూర్ఖుడు కాదతను. తొందర మనిషి, అంతే. నిలబడి నవ్వాడు.

"బాగుంది. రెండు గంటలే అనుకుందాం. మరి నాలుగింటికి డ్యూటీలో ఉన్నదెవరు? రెండింటి నుంచీ ఈ అమ్మాయే. ఆ రెండో గొట్టం కలిపింది ఎవరమ్మా?"

"నేనే సార్," అంది నర్సు, వినిపించీ వినిపించనట్టు.

"చూశారా? నేను పొరపాటన్నాను, రెండేళ్ళలో బయటికొచ్చేది. మీరు ప్లాను ప్రకారం హత్య అంటున్నారు. రక్షించడానికొచ్చి ఉరి బిగిస్తున్నారు మేడమ్."

నర్సు మంచం పట్టె పట్టుకుంది.    డిటెక్టివమ్మ కుర్చీ లాక్కుని గొట్టం ముందు కూర్చుంది.

"మూడింటిదాకా టైముంది కదా బాబూ. కూర్చో. లాఠీ పట్టుకోవడం నేను నేర్పాను, తొందరపడడం మాత్రం నువ్వు సొంతంగా నేర్చుకున్నావు."

అతను కూర్చోలేదు. కానీ వెళ్ళనూ లేదు.

నీలం చుట్టలోకి దిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. మధ్యలో బిళ్ళ దగ్గరికి చేరేసరికి గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

"ఒక్కటే గొట్టమై ఉంటే ఇప్పటికి లోపలికి పోయేది," అన్నాడు డాక్టరు.

డిటెక్టివమ్మ తలెత్తింది. "మళ్ళీ అనండి."

"ఒక్కటే గొట్టమైతే గంటలో—"

"గొట్టం ఒక్కటే అనుకున్న మనిషికి, సోమవారం గుండె ఆగాల్సింది ఐదూ పదికి. రెండోది కలిపిన పిల్ల ఒక్కటే అనుకోదు. ఐదూ పదికి మీరెక్కడున్నారు డాక్టరుగారూ?"

"నా గదిలో. ఆ లైబ్రేరియనమ్మా, వాళ్ళ బావగారూ కూర్చున్నారు. కూర్చున్నారంటే, ఆయన కదల్లేదు." డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "అడిగిందే అడుగుతున్నాడు. రేపు గొట్టం ఎన్నింటికి తీస్తారు, తీశాక మాట్లాడతాడా, జ్ఞాపకం ఉంటుందా. నేను చెప్తున్నాను కానీ ఆయన వినడం లేదు, తలుపు వైపు చూస్తున్నాడు. 'టైమెంతైంది డాక్టరుగారూ' అని రెండుసార్లు నా చేతే చెప్పించుకున్నాడు. ఐదుంపావు దాటాక ఒక్కసారి ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. ఎవరో పిలుస్తారని ఎదురుచూసి, పిలవనట్టు. నేను జాలిపడ్డాను కూడా."

ఇన్‌స్పెక్టరు సీసా దగ్గరికి జరిగాడు.

"ఆయన వృత్తేమిటి?" అంది డిటెక్టివమ్మ.

"వేరే ఊళ్ళో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్. మత్తు యంత్రం పక్కన, మందుల అర దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశాట్ట. మనవాడే కదా అని మేమూ పట్టించుకోలేదు. పంపు అలారం మోగితే తనే నొక్కి ఆపేవాడు. మిగతా బంధువుల్ని గీత దాటనివ్వం. ఆయన్ని స్టాండు పక్కన నిలబడనిచ్చాం. థియేటర్లో ఎప్పుడూ ఒకటే గొట్టం వాడతారు, పంపు పక్కనే ఉంటుంది కాబట్టి. మా చుట్టల సంగతి ఆయనకి తెలిసే అవకాశం లేదు."

"ఎదురుచూడడం నేరం కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి గొంతులో మునుపటి ధీమా లేదు. "నాలుగూ పదికి ఎవరో ఎక్కించారనడానికి రుజువేది?"

అప్పుడు డిటెక్టివమ్మకి లైబ్రేరియన్ చెప్పిన ఆ అంకె గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండుననిపించింది.

"అమ్మాయ్, ఆ నోటిలోంచి ఇంకాస్త నీలం తొయ్యి. మీరందరూ సీసా వైపు చూడండి."

నర్సు తోసింది. అదే క్షణంలో, మంచం అవతల, సీసాలో గొట్టం చివరినుంచి నీళ్ళు టపటపమని రాలాయి.

"క్యూలో వెనకవాడు తోస్తే ముందువాడు గుమ్మంలో పడతాడు," అంది డిటెక్టివమ్మ. "వీడు విషం తోసినప్పుడు, ముందున్న రక్తపోటు మందంతా ఒక్కసారి ఆయన ఒంట్లో పడింది. అప్పుడేమవుతుంది?"

"రక్తపోటు ఎగురుతుంది," అన్నాడు డాక్టరు. అప్పటికే మానిటరు దగ్గరికి వెళ్ళి దాని జ్ఞాపకాన్ని వెనక్కి తిప్పుతున్నాడు. సోమవారం మధ్యాహ్నం గీత చదునుగా పోతూ పోతూ, నాలుగూ పది దగ్గర కొండలా లేచి, కాసేపటికి మళ్ళీ దిగిపోయింది. ఆ రోజంతా అలా లేచింది అదొక్కసారే.

"చూశాను పెద్దమ్మా," అంది నర్సు. "నేను డాక్టరుగారితో కలిసి ఈ తాతని పక్కకి తిప్పుతున్నాను. ఆయన తల పట్టుకున్నారు, నేను నడుము పట్టుకున్నాను. అక్కడినుంచే చూశాను. ఆవిడ ఏడుస్తోంది. అయినవాళ్ళ గొంతు వింటే అలా లేస్తుంటుంది, అందుకే ఏం అనుకోలేదు. నేను వచ్చేసరికి తగ్గిపోయింది."

డాక్టరు తల ఊపాడు. "నిజమే. నాలుగు చేతులూ ఇక్కడే ఉన్నాయి."

'నీకోసం రక్తం ఎలా పరిగెత్తుతోందో చూడు.' ఆ మనిషి చేతిలో ఖాళీ సిరంజి దాచుకుని ఆ మాట అన్నాడు. మొగుడిని చంపుతూ, ఆ చావునే పెళ్ళానికి ఓదార్పుగా చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మూడు రోజులుగా గుండెకి హత్తుకుని తిరుగుతోంది. డిటెక్టివమ్మ చాలామంది హంతకులని చూసింది. చేతులు కడుక్కున్నవాళ్ళని చూసింది, నిద్రపోయినవాళ్ళని చూసింది. ఇలాంటివాణ్ణి చూడలేదు.

"బాబూ, ఎలక్ట్రీషియన్ మెట్ల మీంచి పడ్డ రోజు ఆయన్ని మొదట చూసింది ఎవరు?"

"బావగారే. ఆ పూట వీళ్ళింటికి వచ్చాడు. ఆయనే ఆసుపత్రికి తెచ్చాడు." ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పడినవాడు మర్నాడు మాట్లాడతాడనీ, జ్ఞాపకం ఉంటుందనీ…"

"గొట్టం రేపు తీస్తారని నాలుగింటికి లోపలికి వెళ్ళేసరికే ఆయనకి తెలుసు."

"ఎందుకు తోశాడు మేడమ్?"

"అది తెలిసినవాడు నోట్లో గొట్టంతోనే పోయాడు. ఇంక ఆవిడకేమైనా తెలిస్తే తెలియాలి."

"ఈ గీత చెయ్యి ఎవరిదో చెప్పదు," అన్నాడతను. "వీళ్ళిద్దరూ ఇటు తిరిగి ఉన్నారు. ఆ క్షణాన స్టాండు పక్కన ఎవరున్నారు, పాదాల దగ్గర ఎవరున్నారు అన్నది ఆవిడ నోటితో రావాలి. ఆ మాట ఆవిడ చెబితే ఈ అమ్మాయి మీద నేను ఒక్క అక్షరం కూడా రాయను." నర్సు వైపు తిరిగాడు. "మూడింటికి రావక్కర్లేదు. కానీ ఊరు దాటకు. ఆవిడ చెప్పేదాకా నువ్వు నా కాగితాల్లోనే ఉంటావు." మళ్ళీ డిటెక్టివమ్మతో, "పొద్దున్నే ఊరెళతానని అడిగింది మేడమ్. వెళ్ళమన్నాను."

"ఎవరితో వెళుతోందో అడిగావా?"

అతను టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. చెప్పనక్కర్లేదు. డిటెక్టివమ్మకి ముందే తెలుసు. ఒంటిగంటకి బావగారి కారు, ఆ సంచీ పక్కనే కూర్చుని విన్న మాటే. ఆమెని ఇంకో పావుగంట కూర్చోబెట్టి ఉంటే, వేయాల్సిన ప్రశ్న వేసి ఉంటే…

ఫోను తీసింది. లైబ్రేరియన్ నంబరు ఒకసారి పూర్తిగా మోగింది. రెండోసారి సగం మోగి తెగింది. మూడోసారి మోగలేదు.

ఇన్‌స్పెక్టరు తన ఫోనులో అక్క ఇంటి నంబరు పట్టుకున్నాడు. అవతల ఆడగొంతు, వెనకాల మిక్సీ చప్పుడు. అతను అందరికీ వినిపించేలా పెట్టాడు.

"చెల్లి వస్తోందా? ఇవాళా? నాకు చెప్పలేదే. ఆయన కూడా ఏం అనలేదండి, డ్యూటీకని పొద్దున్నే వెళ్ళారు." మిక్సీ ఆగింది. "ఏమైందండి? దానికి బాగానే ఉందా?"

ఇన్‌స్పెక్టరు ఫోను చెవికి ఆనించుకుని, పరుగులాంటి నడకతో బయటికి పోయాడు. మెట్ల మీద అతను కారు నంబరు కేకేసి చెబుతున్నది కాసేపు వినబడింది. డాక్టరు పోస్ట్‌మాన్ దగ్గరికి వెళ్ళి దుప్పటి సర్దాడు. ముసలివాడి కళ్ళు గొట్టాన్ని వదిలి, స్టాండు పక్కన ఖాళీగా ఉన్న నేల మీద, ఒక మనిషి నిలబడేంత జాగా మీద ఆగి ఉన్నాయి.

"పెద్దమ్మా, ఆవిడ వస్తుంది కదా?" అంది నర్సు.

డిటెక్టివమ్మ ఫోను మళ్ళీ నొక్కింది.

లైబ్రేరియన్ తిరిగి రాలేదు. ఆ గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి పది నిమిషాల ముందు ఆమె ఇంటికి తాళం వేసి, బావగారి కారు ఎక్కింది. ఆ తర్వాత ఆమెని ఎవరూ చూడలేదు.